టాంకు మూతకు పెట్టిన గుగ్గిలం

మా అప్ప పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె కొడుకు శ్రీను నన్ను చౌల్దారీ నుంచి ఆస్టినాబాద్‌లోని మా ఇంటికి తన కొత్త కారులో తీసుకొస్తున్నాడు. అప్ప అంటే మా అక్క. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన మా వాళ్ళు అక్కని అలాగే పిలుస్తారు, ద్వీపంలో పుట్టినా నాకూ అదే అలవాటు. సగం దారిలో కారు వణకడం మొదలుపెట్టింది, శ్రీను ముందున్న అద్దంలో ఓ పసుపు దీపం వెలిగింది. వాడు కంగారు పడలేదు. రోడ్డు పక్కన ఓ వర్క్‌షాపు దగ్గర ఆపితే, మెకానిక్ అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తెచ్చి స్టీరింగు కింద గుచ్చాడు. ఇంజన్ మూత ఎత్తకముందే ఆ పెట్టె మీద జబ్బు పేరు వచ్చేసింది. మూడో సిలిండర్‌కి డీజిల్ సరిగా అందడం లేదట. మాకు తెచ్చిచ్చిన టీ చల్లారకముందే పని అయిపోయింది. "దేఖా పిన్నీ, ఎంత ఆసాన్ పనో" అన్నాడు శ్రీను. నేను కిటికీ వైపు తిరిగితే, వాళ్ళమ్మ గుర్తుకొచ్చి ఏడుస్తున్నాననుకుని వాడూ ఊరుకున్నాడు. నిజానికి గుర్తొచ్చింది ఆవిడే. కానీ ఒక్కర్తీ రాలేదు, మా అయ్యతోనూ, ఆకుపచ్చ కారుతోనూ కలిసి వచ్చింది.

మా అయ్యని పోర్ట్ బ్లెయర్‌లో అందరూ డ్రైవర్ సూరన్న అనేవారు. కారు డ్రైవర్ కాదు, బోటు డ్రైవర్. దేశానికి స్వతంత్రం వచ్చాక ఇక్కడ మనుషులు కావాలంటే, వలలు వదిలి ఓడెక్కి వచ్చినవాడు. చదువు రాదు గానీ ఇంజన్ మాట వచ్చు. సర్కారు బోట్ల మీద ఎన్నో ఏళ్ళు ఇంజన్ నడిపాడు. ఒకసారి జెట్టీకీ బోటుకీ మధ్య కాలు నలిగింది, ఆ తర్వాత సముద్రం మీదికి పనికిరావన్నారు. కుంటుకుంటూ ఇంట్లో కూర్చున్న మనిషి కొన్నాళ్ళకు ఓ కారు తోలుకొచ్చాడు. కలకత్తా నుంచి ఎవరో కలప కాంట్రాక్టరు ఓడలో తెచ్చుకుని, వెళ్ళిపోతూ వదిలేసిన ఆకుపచ్చ విదేశీ కారు. దాని ముక్కు మీద ఉండాల్సిన గుర్తును ఎవరో పీక్కుపోయారు కాబట్టి ఏ కంపెనీదో మాకు తెలియదు, తెలిసినా పలకలేకపోయేవాళ్ళం. పెట్రోలుది కాదు, డీజిల్‌ది. అయ్య దాన్ని కోరుకున్నది అందుకే. డీజిల్ ఇంజన్ అంటే ఆయనకు బంధువు.

కారు కొన్నాడే గానీ ఆయన మనసులో అది బోటే. మొదటి నెలంతా సాయంత్రం దాన్ని షెడ్డులో పెట్టి, తాడుతో కొబ్బరిచెట్టుకి కట్టేసేవాడు. "ఎక్కడికి కొట్టుకుపోద్దని?" అని అమ్మ నవ్వితే, తాడు లేకపోతే తనకు నిద్ర పట్టదనేవాడు. శుక్రవారం బోటు ముక్కుకి పెట్టినట్టే కారు ముక్కుకి పసుపు, కుంకుమ పెట్టేవాడు. పొద్దున లేచి మొహం కడగకముందే టాంకు మూత తిప్పి, వెదురుపుల్ల ముంచి ఎంత డీజిల్ ఉందో చూసి, పుల్లని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ఆ తర్వాతే టీ. మా ఇంట్లో ఆ రోజుల వాసన అంటే డీజిల్, ఎండుచేప, వాననీళ్ళలో నానిన కొబ్బరిపీచు. అయ్య లుంగీలు వేరే బకెట్‌లో నానబెట్టి, బూడిదతో రుద్ది ఉతికేది అమ్మ. అయినా ఆ వాసన పోయేది కాదు. అమ్మ దాన్ని తిట్టుకునేది గానీ, అయ్య రెండు రోజులు ఎక్కడికైనా వెళ్తే ఆ లుంగీనే మడతపెట్టి తలకింద పెట్టుకునేది. ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ కారు ఇంజన్ గురించి అయ్య నాకు చెప్పిన నాలుగు ముక్కలు ఇప్పటికీ మరచిపోలేదు. డీజిల్ బండికి నిప్పురవ్వ అక్కర్లేదు. ఓ పంపు డీజిల్‌ని గట్టిగా తోస్తుంది, ఒక్కో సిలిండర్ నెత్తిన ఉన్న నాజిల్ దాన్ని పొగమంచులా లోపలికి చిమ్ముతుంది. చిమ్మినది అక్కడి వేడికి అంటుకుంటుంది. నాజిల్ చిమ్మకుండా కారితే ఇంజన్ కుంటుతుంది. ఏది కుంటుతోందో పట్టుకోవడానికి అయ్య దగ్గర ఓ పద్ధతి ఉండేది. ఇంజన్ తిరుగుతుండగానే ఒక్కో నాజిల్ గొట్టం నట్టు కొంచెం వదులు చేసేవాడు. వదులు చేసినప్పుడు ఇంజన్ ఇంకా తడబడితే ఆ నాజిల్ పనిచేస్తున్నట్టు. ఏ తేడా రాకపోతే అది చచ్చినట్టు. ఆయన అలా వింటున్నప్పుడు ఇంట్లో ఎవరమూ గిన్నె చప్పుడు కూడా చేసేవాళ్ళం కాదు. కళ్ళు మూసుకుని, ఓ చెయ్యి ఇంజన్ మీద పెట్టి నిలబడేవాడు. అబర్డీన్ బజారు వెనక వర్క్‌షాపు పెట్టుకున్న కరీం భాయి ఆయనకు స్నేహితుడు, మలబారు నుంచి వచ్చిన కుటుంబం. ఇద్దరికీ కలిసిన భాష హిందీ, అదీ ఇద్దరికీ సగమే. మిగతా సగం పానాలూ నట్లూ చూసుకునేవి.

మొదటి వానాకాలంలోనే డీజిల్‌లో నీళ్ళు కలిశాయి. అప్పట్లో డీజిల్ ఓడలో పీపాల్లో వచ్చేది, పీపాలు వానలో నిలబడేవి. నీళ్ళకి నాజిల్ ఒకటి పాడైంది. కొత్తది మద్రాసు నుంచి వచ్చేదాకా కారు షెడ్డులోనే ఉంది. అప్పటినుంచి అయ్యకు నీళ్ళంటే పగ పుట్టింది. డీజిల్‌ని అమ్మ పాత చీర నాలుగు మడతలు వేసి వడకట్టేవాడు. ఒకరోజు టాంకు మూతను వెలుగులో పెట్టి చూస్తే మధ్యలో సూది దూరేంత చిల్లు కనిపించింది. తుప్పు తిన్నదనుకున్నాడు. సముద్రం మీద బతికినవాడికి చిల్లు అంటే ఒక్కటే అర్థం, మూసెయ్యాలి. పడవలకి మా వాళ్ళు ఏం చేస్తారో అదే చేశాడు. గుగ్గిలం దంచి, నూనెలో కాచి, వేడివేడిగా ఆ చిల్లులో నింపి బొటనవేలితో అదిమాడు. మూత అంచుకు ట్యూబు రబ్బరు కోసి వేశాడు. "ఇప్పుడు సముద్రంలో ముంచినా సుక్క దిగదు" అన్నాడు నాతో. ఆయన మొహంలో అంత తృప్తి నేను అరుదుగా చూశాను.

ఆ తర్వాతే జబ్బు మొదలైంది. ఊళ్ళో తిరిగినంతసేపు కారు చక్కగా నడిచేది. ఫెరార్గంజ్ లాంటి దూరాలకి ప్యాసింజర్లని ఎక్కించుకుని వెళ్తే, ఎక్కడో ఓ ఎత్తు మీద ఇంజన్ తడబడేది, వణికేది, ఆగిపోయేది. అయ్య దిగి, అలవాటు కొద్దీ ముందు టాంకు మూత తీసి, పుల్ల ముంచి, నీళ్ళున్నాయేమో అని వాసన చూసేవాడు. నీళ్ళు ఉండేవి కావు. మూత పెట్టి, డీజిల్‌ని ఇంజన్‌కి లాగే చేతి పంపు కొట్టి, స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు వెళ్ళేది. కరీం భాయి నాజిల్స్ అన్నీ ఊడదీశాడు, చిమ్మించి చూశాడు, ఫిల్టర్ మార్చాడు. "భయ్యా, మషీన్ ఏక్‌దమ్ ఠీక్ హై. ఆప్ కో వహమ్ హో గయా" అనేవాడు, ఇంజన్ బాగానే ఉంది, నీకే అనుమానం పట్టుకుంది అని. అయ్య తల ఊపేవాడు గానీ నమ్మేవాడు కాదు.

అప్ప అప్పటికి నిండు నెలలతో ఉంది. ఆమె పేరు నూకరత్నం, అయ్య రత్నం అని పిలిచేవాడు. బావ చౌల్దారీ బడిలో పంతులు. సరిగ్గా ఆ సమయంలోనే ఆయన్ని పనిమీద కార్ నికోబార్ దీవికి పంపారు, తిరిగొచ్చే ఓడ గాలివానకి అక్కడే ఆగిపోయింది. పురిటికి మా ఇంటికి తెద్దామంటే, వాళ్ళ అత్త ఇంకా రోజులున్నాయి అంది. అప్ప మాత్రం బెంగ పెట్టుకోలేదు. "అయ్య కారుంది కదేటి. కబురెడితే అయ్య రాడేటి?" అంది. ఆ మాట అయ్య విన్నాడు. ఆ వారమంతా ఫెరార్గంజ్ బేరాలు ఒప్పుకోలేదు. కారుని షెడ్డులో ఉంచి, ఎందుకైనా మంచిదని టాంకు అంచుదాకా నింపాడు.

కబురు ఓ మధ్యాహ్నం వచ్చింది, చౌల్దారీ నుంచి కూరగాయలు తెచ్చే లారీ అతనితో. నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగిందేమో అని మంత్రసాని భయపడుతోంది, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంటోంది. అయ్య, అమ్మ, నేను బయల్దేరాం. వాన కురుస్తూనే ఉంది. వెళ్ళేటప్పుడు కారు ఒకసారి దగ్గి, మళ్ళీ సర్దుకుంది. అప్పని వెనక సీటులో అమ్మ ఒళ్ళో తలపెట్టి పడుకోబెట్టాం. తిరిగి వచ్చేటప్పుడు ఎత్తు మొదట్లోనే ఇంజన్ తడబడింది. అయ్య గేరు తగ్గించాడు, కారుని బతిమాలుతున్నట్టు ఏదో గొణిగాడు. ఇంకొంచెం ఎక్కి ఆగిపోయింది.

అయ్య దిగి బానెట్ ఎత్తాడు. నేను గొడుగు పట్టాను. ఫిల్టర్ విప్పి చూశాడు, శుభ్రంగా ఉంది. చేతి పంపు కొడితే బరువుగా వస్తోందన్నాడు. ఎక్కడో అడ్డుపడిందనుకుని గొట్టాలు ఒక్కొక్కటీ విప్పి ఊదాడు. స్టార్ట్ అయ్యేది, పది గజాలు కదిలేది, చచ్చేది. ప్రతిసారీ చేసే పని ఒక్కటి ఆ రోజు చెయ్యలేదు. టాంకు మూత తియ్యలేదు. తీద్దామని చెయ్యి పెట్టి, పైకి చూసి, "వొద్దు, వానలో తీత్తే నీల్లు దిగిపోతాయి" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మాట నా చెవులతో విన్నాను. లోపల అప్ప అరవడం మానేసి మూలగడం మొదలుపెట్టింది. అమ్మ కిటికీలోంచి, "ఏటయ్యింది? ఎల్తాదా, ఎల్లదా?" అని అడిగింది. ఆయన వేళ్ళు నట్టుమీద జారిపోతున్నాయి. చివరికి దుంగల లారీ ఒకటి వచ్చింది. అప్పని దాని ముందు సీటులోకి ఎత్తుకుని వెళ్ళాం. ఆసుపత్రి చేరేసరికి ఆలస్యమైంది. అప్ప బతికింది. మగపిల్లాడు. ఏడవలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేవాడని డాక్టరమ్మ హిందీలో నర్సుతో అంది. పక్కనే నిలబడ్డ అయ్య ఆ మాట విన్నాడు.

ఆ తర్వాత చాలా రోజులు అయ్య షెడ్డులోంచి ఇంట్లోకి రాలేదనే చెప్పాలి. ఇంజన్ మొత్తం విప్పి గోనెసంచుల మీద పరిచాడు. పంపు, నాజిల్స్, గొట్టాలు, చిన్న చిన్న వాల్వులు, అన్నీ కిరసనాయిలులో కడిగి, తుడిచి, మళ్ళీ కడిగేవాడు. అన్నం తెచ్చి పెడితే పిల్లులు తినేవి. అమ్మేయమని వచ్చినవాళ్ళంతా చెప్పారు. "ఏది సేసిందో నాకు తెలవాల. తెలిసినాక అమ్మీత్తాను" అనేవాడు. కరీం భాయి రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని బీడీ కాల్చి వెళ్ళేవాడు. ఏ ముక్కలోనూ తప్పు దొరకలేదు. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే షెడ్డులో ఇంజన్ బంగారంలా తిరిగింది. అది చూసి అయ్య తల స్టీరింగు మీద పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం చూడటం నాకు అదే మొదలు.

కనిపెట్టింది అమ్మ. కారుని అలా ఇలా కాసేపు తిప్పి తెచ్చి, అయ్య వాకిట్లో ఆపి టాంకు మూత తిప్పాడు. అమ్మ పక్కనే చేపలు ఎండబెడుతోంది. మూత వదులు కాగానే లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. అయ్య పుల్ల ముంచే ధ్యాసలో ఉన్నాడు. అమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. అయ్య బజారుకి వెళ్ళాక నన్ను పిలిచి, "ఒలే, ఆ మూతకి గుగ్గిలం ఎవులెట్టినారు?" అని అడిగింది. అయ్యే పెట్టాడు, చిల్లు పడిందని, అని చెప్పాను. వంటింట్లోకి వెళ్ళి కొబ్బరినూనె డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మా ఇంట్లో కొత్త డబ్బాకి మేకుతో ఎప్పుడూ రెండు చిల్లులు పొడిచేది అమ్మ. ఒకటి నూనె రావడానికి, ఒకటి గాలి లోపలికి పోవడానికి. ఒక చిల్లు వేలితో మూసి డబ్బా వంచింది. నూనె గుటకలు వేస్తూ వచ్చి, ఆగిపోయింది. వేలు తీసింది. ధారగా వచ్చింది. టాంకు మూత చిల్లు తుప్పు కాదు, చేసినవాడు కావాలని పెట్టింది. డీజిల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవాలి. మూసేస్తే పంపు లాగినా డీజిల్ రాదు. టాంకు ఎంత నిండుగా ఉంటే లోపల గాలి అంత తక్కువ, అంత త్వరగా బిగుసుకుంటుంది. అమ్మ ఓ ఇనుప తీగని పొయ్యిలో ఎర్రగా కాల్చి గుగ్గిలంలోంచి దించింది. పైకి కనపడనంత సన్నగా. మూత తుడిచి, ఉన్నచోటే పెట్టి, "అయ్యకి సెప్పకు" అంది.

కానీ అప్పకి చెప్పకుండా ఉండలేకపోయింది. పోయింది ఆవిడ బిడ్డ కాబట్టి దాచే హక్కు తనకు లేదంది. బస్సులో చౌల్దారీ వెళ్ళి, వాళ్ళ ఇంటి వెనక అరటిచెట్ల దగ్గర కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. అప్పకి కోపం వచ్చింది, ఆమె మొహంలో నాకు స్పష్టంగా కనిపించింది. రావడం న్యాయమే అనిపించింది నాకు. తర్వాత మెల్లిగా, "వాన పడకూడదనే కదే మూసినాడు" అంది. ఇంకాసేపటికి, "అయ్యకి తెలిత్తే బతకడమ్మా. నాను సెప్పేదాకా ఎవులూ సెప్పొద్దు" అంది. అమ్మ ఆమె తల నిమిరింది. మేము తిరిగొచ్చేశాం. కారు ఆ తర్వాత ఎప్పుడూ దారిలో ఆగలేదు. అన్నీ విప్పి, కడిగి, మళ్ళీ బిగించిన మహిమ అని కరీం భాయి అన్నాడు. అయ్య అవునన్నాడు.

మరుసటి ఏడాది అప్పకి మళ్ళీ నెలలు నిండాయి. ఈసారి జీపు మాట్లాడదామని బావ అన్నాడు. అయ్య కూడా వద్దన్నాడు. "ఆ బండిలో వొద్దు తల్లీ, నాను తోల్లేను" అని బతిమాలాడు. అప్ప వినలేదు. నొప్పులతోనే నడిచొచ్చి, ముందు సీటులో అయ్య పక్కన కూర్చుంది. "తోలు" అంది. దారంతా అయ్య కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, అప్ప చెయ్యి ఆయన భుజం మీద ఉంది. శ్రీను ఆ రాత్రి ఆసుపత్రిలోనే పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు.

ఈనాటి పెట్టె ఉంటే మా అయ్యకు అన్ని రోజుల నరకం ఉండేది కాదు. మొదటి వారంలోనే తెలిసిపోయేదేమో, ఆ పిల్లాడు బతికి ఇప్పటికి తాత అయ్యేవాడేమో. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పాత రోజులే మంచివని అనేవాళ్ళంటే నాకు చిరాకు, ఆ వానలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంటే వాళ్ళూ అనరు. కాకపోతే ఒక్కటి. ఆ పెట్టె తప్పు ఎక్కడుందో చెబుతుంది. ఎవరి చేత్తో జరిగిందో కూడా చెప్పినా, దాన్ని ఎవరు ఎలా మొయ్యాలో తేల్చుకోవడానికి మనుషులే కావాలి. మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు దాన్ని మోశారని చాలాకాలం అనుకున్నాను.

అయ్యకు చూపు తగ్గాక కారు అమ్మేయక తప్పలేదు. ఫెరార్గంజ్‌లో వక్కతోటలున్న ఒకాయన కొన్నాడు. తీసుకెళ్ళే రోజు అప్ప శ్రీనుని వెంటబెట్టుకుని వచ్చింది. అయ్య కొన్నతనికి అన్నీ చూపించాడు. చేతి పంపు ఎలా కొట్టాలి, ఏ గేరు మొండికేస్తుంది, పొద్దునపూట ఎంతసేపు తిప్పాలి. చివర్లో టాంకు దగ్గరికి వెళ్ళి మూత తీసి అతని అరచేతిలో పెట్టాడు. "ఇదిగో, దీని నడిమిన సిల్లుంది. సూడు, సన్నంగ ఉంటాది. ఇది ఉండాల. నీల్లు పడతాయని ఎప్పుడూ ముయ్యకు బాబూ. నాను ఒకపాలి మూసినాను" అన్నాడు. అతను సరేనని, ఏమీ తెలియని మనిషి కదా, తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. రోజూ పొద్దున ఆ మూత తిప్పి చూసే మనిషి కంటికి మా అమ్మ పొడిచిన చిల్లు ఆనదని మేమెలా అనుకున్నామో నాకిప్పటికీ అర్థం కాదు. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

కారు చప్పుడు వినపడకుండా పోయేదాకా అయ్య ఖాళీ షెడ్డు ముందే నిలబడ్డాడు. అప్ప వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పీట వేసి, కంచంలో అన్నం, చేపల పులుసు పెట్టింది. అయ్య అన్నం మీద చెయ్యి పెట్టి, తల ఎత్తకుండా అడిగాడు.

"రత్నం, నీకు తెల్సా?"

"తెల్సయ్యా. తిను" అంది అప్ప.

అయ్య తిన్నాడు.